సెలవు నీదే

రాదు. సెహెర్ రాదు. నిన్న ఫోన్‌లో "వస్తాలే అక్కా" అని అంత మెత్తగా అన్నప్పుడే అర్థం చేసుకోవాల్సింది, సెహెర్ ఎప్పుడు మెత్తగా మాట్లాడింది గనక, మంచినీళ్ళు అడిగినా కసిరినట్టే అడుగుతుంది. మెత్తగా అన్నదంటే ఏదో దాస్తోందనే. అయినా వస్తే మాత్రం ఒరిగేదేముంది, వచ్చి ఏం చెబుతుందన్నది కదా అసలు సంగతి, అనుకుంటూ గులిజార్ ఉపాధి కార్యాలయం నడవాలో గోడవార బెంచీ మీద కాళ్ళు మార్చి కూర్చుంది. ఒకరి పక్కన ఒకరు కూర్చోకుండా సీటు విడిచి సీటుకి ఎర్ర పట్టీలు అంటించారు. పట్టీకి అవతల ఒక మీసాలాయన మాస్కు గడ్డం కిందికి లాగి, తృప్తిగా దగ్గి, మళ్ళీ పైకి ఎక్కించుకున్నాడు. దగ్గేటప్పుడే తియ్యాలా దాన్ని? కావాలనే చేస్తున్నాడేమో, పక్కవాళ్ళు భయపడి లేచిపోతే వరస తొందరగా కదులుతుందని. ఏమో, చెప్పలేం. ఈ ఏడాది మనుషులు ఎందుకు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియడం లేదు. గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే అమ్మాయి కూడా ఇందాక తనని రెండుసార్లు చూసింది, ముందున్నావిడని ఒక్కసారే చూసింది. తన ముఖంలో ఏముందని రెండోసారి చూడటం?

చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది కానీ నవ్వే ఓపిక ఎవరికుంది. జబ్బు ఊళ్ళోకి వచ్చిన కొత్తల్లో ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదని సర్కారు హుకుం వేసింది. పని లేకపోతే జీతం లేని సెలవు మీద ఇంటికి పంపవచ్చు, అలా పంపినవాళ్ళకి నిరుద్యోగ నిధిలోంచి నెలనెలా భత్యం వస్తుంది. బాగుంది. కానీ ఆ సెలవు యజమాని ఇచ్చిన సెలవై ఉండాలి. పనిచేసేవాళ్ళు తమంతట తాము అడిగి తీసుకున్న సెలవైతే ఆ నిధి వాళ్ళ మొహం చూడదు. గులిజార్ పేరు పక్కన దుకాణంలో లెక్కలు రాసే తుంజయ్ "స్వయంగా కోరిన సెలవు" అని ఎక్కించాడు. మిఠాయి దుకాణంలో పనిచేసిన ఆడవాళ్ళందరికీ యజమాని ఇచ్చిన సెలవు, ఆమె ఒక్కదానికీ ఆమే కోరిన సెలవు! అందరికీ నెలనెలా డబ్బు వచ్చింది, ఆమెకి రాలేదు. ఇవాళ ఆ మాట మారితే పాత నెలలతో సహా వస్తుంది. మారకపోతే ఇంట్లో బొగ్గు లేదు, అత్తగారి రొమ్ము ఇప్పటికే పొద్దున పూట పిల్లి గుర్రు పెట్టినట్టు పెడుతోంది, ఇంకా మంచు పడనే లేదు. మొగుడు బెకిర్ వ్యాను ఎక్కే యాత్రికులు లేరు. సఫ్రన్‌బోలు వీధుల్లో ఈ ఏడాది పిల్లులు తప్ప ఫొటోలు తీసుకునేవాళ్ళే లేరు.

అసలు దుకాణం మూసిన ఆ రోజు ఆ టీ తాగకుండా ఉండాల్సింది. సెహెర్ తాగలేదు. ఆడవాళ్ళని ఇద్దరేసి చొప్పున లోపలికి పిలిచాడు యజమాని రిఫ్కీ బే, గులిజార్ వంతు సెహెర్‌తో వచ్చింది, వాళ్ళ చేతుల్లో ఆయనే నిమ్మ అత్తరు పోశాడు, కూర్చోమన్నాడు, యజమాని గదిలో ఆ ఎర్ర కుర్చీల మీద వాళ్ళు ఎప్పుడైనా కూర్చున్నారా? కుర్చీ వేశాడంటేనే ఏదో ఉంది. మూలన కంప్యూటర్ వెనకాల తుంజయ్, గోడ మీది క్యాలెండర్‌లాగా ఉలకడు పలకడు. "ఏం చెప్పమంటారమ్మా, దుకాణాలు మూసేశారు, హోటళ్ళు మూసేశారు, ఈ మిఠాయి నేను ఎవరికి అమ్మను? కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోండి, ప్రభుత్వం చూసుకుంటుంది, పరిస్థితి చక్కబడగానే మొదటి ఫోన్ మీకే" అన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ తుడుచుకోవడం నిజమేనా? కళ్ళు తుడుచుకున్న చేతికి అత్తరు ఉంది, అత్తరు తగిలితే ఎవరికైనా నీళ్ళొస్తాయి. సెహెర్ వినీ వినకముందే కుర్చీ కిర్రున వెనక్కి తోసి లేచింది, ఒక్క మాట లేదు, తలుపు దడాలున వేసుకుని పోయింది, గోడ మీద అద్దం కట్టిన రిఫ్కీ బే తండ్రి ఫొటో ఊగింది. గులిజార్‌కి తల కొట్టేసినట్టయింది. ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని సెహెర్ వంతు మర్యాద కూడా తనే చెయ్యాల్సి వచ్చినట్టు, తన గ్లాసు అడుగు కనిపించేదాకా తాగింది. అప్పుడు లేచింది. లేచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "రిఫ్కీ బే, ఇక నాకు సెలవిప్పించండి" అంది.

అంది. అబద్ధమెందుకు, అంది. ఆయన కూడా లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "సెలవు నీదే, గులిజార్" అన్నాడు. ఎవరైనా అనేదే. వచ్చినవాళ్ళు లేచేముందు సెలవు అడుగుతారు, ఇంటివాళ్ళు సెలవు మీదేనంటారు, ఇంకో గ్లాసు తాగి వెళ్ళమని బతిమాలతారు, వీళ్ళు కాదంటారు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకో అరగంట మాట్లాడుకుంటారు, ఇది మనుషులున్న ప్రతి ఇంట్లో జరిగేదే. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆ "నీదే" మీద ఆయన కాస్త ఒత్తి పలికాడా? పలికాడు. అవునా? పలికినట్టే ఉంది. అనేటప్పుడు తన వైపు చూశాడా, మూలన కూర్చున్న తుంజయ్ వైపు చూశాడా? అప్పటిదాకా కదలని తుంజయ్ వేళ్ళు అప్పుడే టకటకమన్నాయి, అది బాగా గుర్తుంది, ఎందుకంటే సెలవు తీసుకునేటప్పుడు గదిలో వేరే చప్పుడుంటే అమర్యాద అనిపించి అటు చూసింది. అప్పుడే ఎక్కించాడన్నమాట! ఆమె నోట్లోంచి మాట పూర్తిగా ఊడిపడకముందే పట్టుకుని పెట్టెలో పెట్టాడు. లేకపోతే అదేం కాకుండా ఎవరికో జవాబు రాస్తున్నాడా. ఏడు నెలల కిందటి టకటకలో ఏం రాశాడో ఇప్పుడెలా తెలుస్తుంది.

అమ్మ నేర్పింది ఇదంతా. పాత ఊళ్ళో, ఆ పెద్ద కొయ్యమేడల్లో వంట చేసేది అమ్మ, తనని వెంట తీసుకెళ్ళేది, అడుగుపెట్టేటప్పుడు ఏం అనాలి, లేచేటప్పుడు ఏం అనాలి, అన్నీ దారిలో మళ్ళీ మళ్ళీ చెప్పించేది. ఒకసారి ఆకలేసి సెలవు అడక్కుండా లేచి పరుగెత్తితే, తొడ మీద తిప్పి తిప్పి గిల్లింది, వారం రోజులు నల్లగా ఉంది. "సెలవు అడక్కుండా పోయేది దొంగలూ, మేకలూ" అనేది. దాని ఫలితం ఇదుగో, సెలవు అడక్కుండా తలుపు దడాలుమనిపించి పోయిన సెహెర్‌కి నెలనెలా భత్యం, అడిగి లేచిన గులిజార్‌కి ఎర్ర పట్టీల బెంచీ. అమ్మా, విన్నావా? బతికి ఉంటే ఈ కార్యాలయానికి తీసుకొచ్చి కూర్చోబెట్టేదాన్ని నిన్ను, చెప్పు ఇప్పుడు, ఎవరు మేక?

కిటికీ పైన ఎర్ర అంకె మారింది. తనది కాదు. మీసాలాయన లేచాడు, లేస్తూ లేస్తూ ఆమె వైపు చూసి నవ్వాడు, కళ్ళు చిన్నవయ్యాయి గనక నవ్వాడనే అనుకోవాలి. ఎందుకు నవ్వినట్టు? అంకె వెంటనే మళ్ళీ మారుతుందేమో అని ఆమె సంచి పట్టుకుని సర్దుకుంది. మారలేదు. బెంచీ వెనక గోడకి వేడినీళ్ళ గొట్టం ఉంది, చేత్తో తాకింది, గోరువెచ్చగా ఉంది. సర్కారు వాళ్ళకి బొగ్గు ఉందన్నమాట.

వేసవంతా తుంజయ్ తనని ఆడించాడు. "ఆలస్యమవుతోందమ్మా, దేశమంతా ఒక్కసారే అడుగుతోంది కదా, వరసలో ఉన్నావు" అనేవాడు. వరసలో ఉన్నాననే అనుకుంది. ఏ వరస? రొట్టెల వరసలా, బస్సు వరసలా, కదులుతుందనుకుంది. పక్కవాళ్ళందరికీ వస్తోందని తెలిసినా, తన ఇంటిపేరు అక్షరమాలలో చివర ఉంది గనక చివర వస్తుందని బెకిర్‌కి చెప్పింది, పిచ్చిది. బెకిర్ మాత్రం మొదటి నెలే అన్నాడు. "నువ్వే ఏదో అని ఉంటావు. నీ మర్యాదలు నాకు తెలియవా? నిన్ను ఎవరైనా కొడితే చెయ్యి నొప్పెట్టిందా అని అడిగే రకం." ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది, గిన్నెలు దబదబా వేసింది, ఏమీ అనలేదని ఒట్టు పెట్టుకోబోయి ఎందుకో పెట్టుకోలేదు. ఇప్పుడు తేలింది ఎందుకో. లోపల ఎక్కడో తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం కూడా తనకు బాగానే వచ్చు. చివరికి శరత్కాలంలో బెకిరే ఫోన్‌లో ఏవో మీటలు నొక్కి చూసి, "చూడు" అని ముఖం మీద పెట్టాడు. స్వయంగా కోరిన సెలవు. చదివి, ఇది వేరే గులిజార్ అనుకుంది.

అభ్యంతరం రాసిచ్చింది. కార్యాలయం వాళ్ళు రిఫ్కీ బేని అడిగితే జవాబు వచ్చింది, నోటిమాటగా అడిగింది, సాక్షి ఉంది, సెహెర్ అని. సాక్షి సెహెర్! రిఫ్కీ బే తన తరఫున సాక్షిగా సెహెర్‌ని చూపించాడంటే సెహెర్‌తో మాట్లాడకుండా చూపించాడా? మాట్లాడాడంటే ఊరికే మాట్లాడాడా? పాలరాతి బల్లకి ఇటు తను, అటు సెహెర్, తొమ్మిదేళ్ళు నిలబడ్డారు, సెహెర్ కత్తితో కుంకుమపువ్వు మిఠాయిని గళ్ళుగళ్ళుగా కోసేది, తను గంజిపొడిలో దొర్లించి పెట్టెల్లో సర్దేది, సాయంత్రానికి ఇద్దరి కనుబొమలూ తెల్లబడి ముసలమ్మల్లా అయ్యేవారు, ఒకరిని చూసి ఒకరు నవ్వుకునేవారు. సెహెర్ మొగుడు చెప్పాపెట్టకుండా పోయిన రోజు కూడా పనికి వచ్చింది, కత్తి కాస్త గట్టిగా దించింది తప్ప ముక్కల్లో తేడా లేదు. మధ్యాహ్నం రొట్టె విరుస్తూ చెప్పింది, "ఒక నోరు తగ్గింది అక్కా" అని. అలాంటి మనిషి. అలాంటి మనిషి తన ఖాతాలో డబ్బు పడ్డ నెలనుంచీ ఫోన్ చెయ్యడం మానేసింది. తనూ చెయ్యలేదనుకో. తను ఎందుకు చెయ్యాలి, డబ్బు వచ్చిందెవరికి? సంతలో ఒకసారి ఎదురైంది, ఇద్దరూ వంకాయలు ఏరుతున్నారు, సెహెర్ తల ఎత్తలేదు. తప్పు చెయ్యనిదైతే ఎందుకు ఎత్తదు? వంకాయల్లో అంతగా చూడాల్సిందేముంది?

ఆగాగు. బక్రీద్ ముందు ఆ ఫోన్. రిఫ్కీ బే స్వయంగా. "గులిజార్, చేతులు ఊరుకుంటున్నాయా? నాలుగు పెట్టెలు సర్దాలి, వెనక గుమ్మంలోంచి రా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. అత్తగారికి ఆ వారం జ్వరం, వెళ్ళలేదు. వెళ్ళలేనందుకు తనే క్షమాపణ చెప్పింది, చూడండి! కానీ ఎందుకు తనని పిలిచాడు? దుకాణంలో పదిమంది ఆడవాళ్ళు, సెహెర్ కత్తి చేతికి సాటి లేదు, ఆమెని పిలవలేదు. ఎందుకంటే, ఎందుకంటే, భత్యం తీసుకునేవాళ్ళు పనిలో కనిపిస్తే తనిఖీవాళ్ళు యజమానికి జుర్మానా వేస్తారు, ఈ మాట ఇక్కడ గోడ మీద బొమ్మతో సహా అంటించి ఉంది, ఇందాకటి నుంచీ ఎదురుగా చూస్తూ చదవలేదు. భత్యం లేని మనిషి దొరికితే ఏముంది, తనంతట సెలవు తీసుకుంది, తనంతట తిరిగొచ్చింది, అంతే. అంటే తనని కావాలని జాబితా బయట ఉంచాడు! ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక గుమ్మంలోంచి పిలుచుకోడానికి, వంటింట్లో ఒక మంచి కత్తిని వేరే దాచుకున్నట్టు తనని దాచుకున్నాడు. సర్దడంలో తనంత చెయ్యి లేదనేగా? అబ్బ, పనితనానికి ఇదా బహుమానం. లేకపోతే ఇదంతా తను అల్లుకుంటోందా? ఆయన నిజంగానే, తుంజయ్ నిజంగానే, ఆ మాటని ఆ మాటగానే తీసుకున్నారా? తీసుకోలేదు. ఏ తల్లి కన్న బిడ్డయినా ఆ మాటని అలా తీసుకోడు. తీసుకుంటాడా?

సెహెర్ వచ్చింది. వచ్చి, ఎర్ర పట్టీకి అవతల, మీసాలాయన ఖాళీ చేసిన చోట కూలబడింది. చిక్కిపోయింది. మాస్కు పైన కళ్ళు మాత్రం అవే, కసురుకునే కళ్ళు.

"వ్యాను దొరకలేదు" అంది.

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ? అలా చూడకక్కా, అప్పులవాళ్ళలా."

"రిఫ్కీ బే మీ ఇంటికొచ్చాడా?" అని అడిగేసింది గులిజార్. అడగాలనుకున్నవి వేరు, మొదట మంచీచెడూ, తర్వాత నెమ్మదిగా తీగ లాగుదామనుకుంది, కానీ నోరు వినలేదు.

"వచ్చాడు. మిఠాయి పెట్టె పట్టుకొచ్చాడు."

"తీసుకున్నావా?"

"తీసుకోక? తిన్నాను కూడా. ముక్క బాగానే ఉంది, సర్దిన చెయ్యే ఎవరిదో దరిద్రంగా ఉంది, సగం అతుక్కుపోయాయి." సెహెర్ గోడ వైపు చూస్తూ అంది. "ఏం చెప్పమంటావు లోపల?"

"జరిగింది చెప్పు."

"జరిగింది చెబితే నీకు పైసా రాదు, తెలుసా? నేను బయటికొచ్చాను గానీ తలుపు వెనకే నిలబడ్డాను. చెప్పు తొడుక్కుంటున్నా. నువ్వు అన్నది విన్నాను." సెహెర్ ఎర్ర పట్టీ అంచుని గోటితో గీరింది. "విని, ఏమనుకున్నానో చెప్పనా? నాకు కోపం వచ్చింది. వీణ్ణి మంచి చేసుకుంటోంది, రేపు ముందు దీన్నే పిలుస్తాడు అనుకున్నా. నీ పేరు పక్కన అలా ఉందని తెలిశాక ఇంకా గట్టిగా అనుకున్నా, నిజంగానే అడిగిందన్నమాట, నాకు చెప్పకుండా ఏదో బేరం పెట్టుకుందన్నమాట, అని. అందుకే ఫోన్ చెయ్యలేదు."

గులిజార్ ఆ ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తను సెహెర్‌ని అనుమానిస్తూ పడుకుంటే, ఊరికి ఆ చివర సెహెర్ తనని అనుమానిస్తూ పడుకుందా? నమ్మొచ్చా? ఇది కూడా ఎవరో నేర్పి పంపిన మాటేమో. మిఠాయి తిన్న నోరు కదా. కానీ అతుక్కుపోయిన ముక్కల సంగతి ఎవరూ నేర్పరు. అంకె మారింది, ఈసారి తనదే, ఇద్దరూ లేచారు.

అద్దం వెనక గుమాస్తా నడివయసు మనిషి, కళ్ళ కింద సంచులు, పక్కన చల్లారిన టీ. పేర్లు అడిగాడు, తెర మీద ఏదో వెతికాడు, వెతుకుతున్నంతసేపూ పెదవులు కొరుక్కున్నాడు, ఎందుకు కొరుక్కోవడం, ఏం కనిపించింది? ఆయన వెనక బల్లల మధ్య నుంచి ఎవరో పెద్దాయన గొంతు ఫోన్‌లో మాట్లాడుతోంది. గుమాస్తా సెహెర్ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు చూసింది మాత్రమే చెప్పండి. ఈవిడ యజమానిని సెలవు అడగడం మీరు విన్నారా?"

"వినలేదు" అంది సెహెర్.

గులిజార్ అద్దానికి పెట్టుకున్న చెయ్యి తీసేసింది. వినలేదా! ఇప్పుడేగా, రెండు నిమిషాల కిందటేగా. తన కోసం, తనని వంకాయల దగ్గర కూడా చూడనిది, ప్రభుత్వం అద్దం ముందు నిలబడి, రెప్ప వాల్చకుండా!

"యజమాని మీరు అక్కడే ఉన్నారంటున్నాడే?"

"ఉన్నాను. కోపం వస్తే నాకు చెవులు పనిచెయ్యవు. మా ఆయన్ని అడగండి, దొరికితే."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవచ్చు, మాట అన్నది సెహెర్, తను అనలేదు, బొగ్గు వస్తుంది, అత్తగారు వెచ్చగా పడుకుంటుంది. కానీ తర్వాత? రిఫ్కీ బే ఊరుకుంటాడా, నా సాక్షి మాట మార్చిందని సెహెర్ మీద పడడా, రేపు దుకాణం తెరిచాక ఎవరి పేరు మొదట కొట్టేస్తాడు? అదే ఆయన ఎత్తేమో! ఒకే దెబ్బకి ఇద్దరినీ, ఒకదాన్ని అబద్ధంలో, ఒకదాన్ని అప్పులో. అదీగాక ఎందుకు అబద్ధం? తను చేసిన తప్పేముంది? గులిజార్ గొంతు సవరించుకుంది.

"విన్నదండీ. నేను అన్నాను."

"అక్కా!" అని మోచేత్తో పొడిచింది సెహెర్. "నీకేమైనా మతిపోయిందా?"

"అన్నాను బాబూ. కానీ నేను అడిగింది గది దాటడానికి. టీ తాగాను, లేచాను, సెలవిప్పించండి అన్నాను. ఉద్యోగానికి కాదు, గుమ్మానికి."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడండి తల్లీ, నాకు అర్థం కాకపోలేదు. కానీ ఇక్కడ అడిగిందా లేదా అనే ఉంది. అడిగానని మీరే ఒప్పుకుంటున్నారు. ఏ సెలవు, ఎందుకు సెలవు అని రాసే గడి లేదు నా దగ్గర. సెలవంటే సెలవే."

సెలవంటే సెలవే. తల్లీ అని ఎంత తియ్యగా పిలిచి ఎంత చల్లగా చెప్పాడు. వీడు కూడా రిఫ్కీ బే మనిషేమో, ఈ బల్ల కింద కూడా మిఠాయి పెట్టె ఉందేమో, అని వంగి చూడబోయింది, అద్దానికి నుదురు తగిలింది. ఏం చెప్పాలి ఇప్పుడు? అమ్మ గిల్లిన తొడ చూపించాలా? కొయ్యమేడల్లో నేర్పిన మర్యాదలకి ఏ గడి ఉంటుంది? నోటికొచ్చిన మాటలన్నీ ఏడుపులోకి జారుతున్నాయి, ఈ మనుషుల ముందు ఏడవడం మాత్రం చస్తే చెయ్యదు. వెనక వరసలో ఎవరో విసుగ్గా చెప్పులు రాస్తున్నారు. సెహెర్ ఆమె జబ్బ పట్టుకుంది, పద అన్నట్టో, ఉండు అన్నట్టో.

లోపల పెద్దాయన ఫోన్ పెట్టేశాడు. శుక్రవారం, నమాజుకి వేళయింది కాబోలు, కొక్కానికున్న కోటు తీసుకుని ఒక చెయ్యి దూర్చుకుంటూ బల్లల మధ్య నుంచి వచ్చాడు, గుమాస్తా కుర్చీ వెనక ఆగాడు. పెద్ద అధికారే, గుమాస్తా సగం లేచి నిలబడ్డ తీరు చూస్తే తెలుస్తోంది. పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, అందరి వైపూ ఒకసారి మర్యాదగా తల వంచి, "ఇక నాకు సెలవిప్పించండి" అన్నాడు.

"సెలవు మీదే సార్" అన్నాడు గుమాస్తా.

"రాయండి!" అని అరిచింది గులిజార్. తన గొంతేనా అది? "రాయండి బాబూ, ఎక్కించండి! ఆయన అడిగారు, మీరు ఇచ్చారు, నేను విన్నాను, ఇదిగో ఇదీ వింది, దీనికిప్పుడు కోపం లేదు, చెవులు బాగానే ఉన్నాయి. స్వయంగా కోరిన సెలవు! సోమవారం నుంచి ఆయన జీతం ఆపెయ్యండి! ఆయన ఇంట్లో బొగ్గు ఉందో లేదో నాకెందుకు, సెలవంటే సెలవే!"

వరసలో ఎవరో పకాలున నవ్వారు, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. పెద్దాయన ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని నిలబడిపోయాడు. ముఖం ఎర్రబడింది. గార్డుని పిలుస్తాడనుకుంది గులిజార్, పిలవనీ.

"ఏమిటీవిడ గొడవ? యజమానితో ఏమందిట?"

గుమాస్తా తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత తలెత్తి పెద్దాయన వైపు చూశాడు.

"మీరిప్పుడు అన్నదే సార్."

పెద్దాయన కోటులోంచి చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆ మిఠాయివాడి నంబరు కలపండి" అన్నాడు.